ఆర్కుట్‌కు ముందు ఏముండేది? ఒక పాత నెట్ సెంటర్ యజమాని జవాబు

మీరు అడిగింది ఇది: "డిగ్రీ ప్రాజెక్టుకు సోషల్ మీడియా చరిత్ర తీసుకున్నాను. అంతా ఆర్కుట్‌తోనే మొదలైందని మా మామయ్య అంటున్నారు. నిజమేనా? అంతకు ముందు హైదరాబాదులో జనం ఆన్‌లైన్‌లో ఎలా మాట్లాడుకునేవారు? తెలుగు అంత ఆలస్యంగా ఎందుకు వచ్చింది? అవన్నీ ఎందుకు మూతపడ్డాయి?"

మీ మామయ్యగారి మాట ఆయన అనుభవం మేరకు నిజమే. 2005 ప్రాంతంలో ఆయన కాలేజీలో ఉండి ఉంటారు. ఆ ఈడు వాళ్ళకు లోకం గూగుల్ వాళ్ళ స్నేహితుల సైటు ఆర్కుట్‌తోనే మొదలైంది. నేను 1999 నుంచి 2014 దాకా చిక్కడపల్లిలో నెట్ సెంటర్ నడిపాను. ఆరు కంప్యూటర్లతో మొదలుపెట్టి, పన్నెండు దాకా పెంచి, చివరికి రెండింటికి దిగాను. ఇప్పుడు అదే గదిలో జిరాక్సు, స్పైరల్ బైండింగు. అందుకని నా జవాబులో చదివి తెలుసుకున్నది కొంత, కౌంటర్ వెనక కూర్చుని చూసింది కొంత ఉంటుంది. ఏది ఏదో మీకే తెలిసిపోతుంది.

ముందుగా ఒక మాట. ఈ విషయం మీద రాసేవాళ్ళలో ఎక్కువమంది సైట్ల పేర్లూ అవి పుట్టిన ఏళ్ళూ రాజవంశాల పట్టికలాగా పేర్చుకుంటూ పోతారు. మీరు ఆ పని చేయకండి. ప్రతి దశలోనూ గడప దగ్గర ఎవరు ఆగిపోయారో, ఎవరు లోపలికి రాగలిగారో చూడండి. మొదట డబ్బు ఆపింది. తర్వాత ఇంగ్లీషు కీబోర్డు ఆపింది. ఇప్పుడు గడప లేదు, అందరూ లోపలే ఉన్నారు. కానీ మీరన్న మాట ఎవరి చెవిన పడాలో మీరు తేల్చడం లేదు.

అమెరికా సంగతులు తొందరగా ముగిస్తాను. రెండు కంప్యూటర్ల మధ్య ఈమెయిల్ పంపి, చిరునామాలో ఎట్ గుర్తు పెట్టినవాడు రే టామ్లిన్సన్, 1971లో. 1978 ఫిబ్రవరిలో షికాగోలో వార్డ్ క్రిస్టెన్సన్, ర్యాండీ స్వెస్ అనే ఇద్దరు మిత్రులు ఇంటి కంప్యూటర్‌కు ఫోను తగిలించి, ఎవరైనా డయల్ చేసి సందేశం రాసి వెళ్ళే నోటీసు బోర్డు ఒకటి తయారుచేశారు. ఒకరు రాస్తున్నంతసేపూ ఇంకొకరికి లైను దొరకదు. 1979లో డ్యూక్ విశ్వవిద్యాలయం విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ యూజ్‌నెట్‌కు రూపకల్పన చేశారు. విషయానికొక చావడి, ప్రపంచంలో ఎక్కడి నుంచైనా అందులో మాట్లాడవచ్చు. 1988లో ఫిన్లాండ్ నుంచి ఐఆర్‌సీ వచ్చింది. ఒకే గదిలో చాలామంది అప్పటికప్పుడు రాసుకునే ముచ్చట్లకు అది పునాది. మీ తరం వాడుతున్న వాటిలో చాలా భాగం, అంటే గ్రూపు, జవాబు కింద జవాబు, మారుపేరు, తగవు, తగవు తీర్చే పెద్దమనిషి, ఇవన్నీ అప్పటికే ఉన్నాయి. లేనిది ఫొటో ఒక్కటే.

యూజ్‌నెట్‌లో తెలుగువాళ్ళకు కూడా ఒక చావడి ఉండేది. అక్కడ మాట్లాడుకున్నవాళ్ళలో ఎక్కువమంది అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలే. వాళ్ళకు వచ్చిన చిక్కే మీ మూడో ప్రశ్నకు మొదటి జవాబు. తెరమీద ఇంగ్లీషు అక్షరాలు తప్ప మరేమీ రావు. తెలుగు పద్యం రాయాలంటే ఎలా? హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువాళ్ళు 1990ల మొదట్లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే లిప్యంతరీకరణ పద్ధతి ఒకటి తయారుచేశారు. దాన్ని ఆర్‌టీఎస్ అంటారు. పెద్దక్షరం ఒక ధ్వనికి, చిన్నక్షరం ఒక ధ్వనికి. చిన్న టీ అంటే త, పెద్ద టీ అంటే ట. చిన్న ఎల్ అంటే ల, పెద్ద ఎల్ అంటే ళ. దీని విలువ నాకు తర్వాత మా కొట్లో ఒక పెద్దాయన వల్ల తెలిసింది, ఆ కథకు వస్తాను.

మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చింది 1995 ఆగస్టు 15న, ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా. మొదటి రోజు నాలుగు మహానగరాలకే. బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు. హైదరాబాదు ఆ జాబితాలో లేదు. ఒక మనిషి తన ఇంటికి డయల్-అప్ కనెక్షను, అంటే ఫోను లైను మీద నడిచే నెట్, పెట్టుకోవాలంటే 250 గంటలకు 5,000 రూపాయలు. వేగం సెకనుకు 9.6 కిలోబిట్లు. ఫోను బిల్లు అదనం. ఆ రోజుల్లో 5,000 అంటే చాలామంది గుమాస్తాల నెల జీతం కంటే ఎక్కువ. మన ఊళ్ళో నెట్ సెంటర్లు పుట్టడానికి కారణం ఇదే. ఎస్‌టీడీ బూతు ఎందుకు పుట్టిందో ఇదీ అందుకే పుట్టింది. ఒక్కడు కొనలేని దాన్ని వీధి మొత్తం పంచుకుంది.

నేను బోర్డు కట్టినప్పుడు గంటకు 60 రూపాయలు. ఏడాది తిరిగేసరికి 40, తర్వాత 20, ఆర్కుట్ రోజులకు 10. కొట్టు తెరవగానే మోడెం కూత మొదలు. టకటక అంకెలు కొట్టి, కీచుమని అరిచి, గొంతు సవరించుకున్నట్టు గరగరలాడి, కలిస్తే కలిసినట్టు. కలవకపోతే మళ్ళీ మొదటి నుంచి. ఆరు కంప్యూటర్లూ ఒకే ఫోను లైను మీద నడిచేవి. ఒకడు ఫొటో తెరిచాడంటే మిగిలిన అయిదుగురూ నా వైపు తిరిగి చూసేవారు.

పొద్దున పూట సిటీ సెంట్రల్ లైబ్రరీకి వచ్చే పోటీ పరీక్షల అభ్యర్థులు, మధ్యాహ్నం అమెరికా వీసా పిల్లలు, సాయంత్రం పెద్దవాళ్ళు వచ్చేవారు. ముషీరాబాద్ వైపు నుంచి గల్ఫ్ కుటుంబాలు వచ్చేవి. కొడుకు జెద్దాలోనో దుబాయిలోనో ఉంటాడు. ఇక్కడ తల్లి వెబ్‌క్యామ్ ముందు కూర్చుంటుంది. అయిదారు సెకన్లకు ఒక బొమ్మ మారుతుంది, కొడుకు నవ్వడం మొదలుపెట్టిన బొమ్మకూ నవ్వు ఆపిన బొమ్మకూ మధ్య ఏమీ ఉండదు. అయినా ఆ తల్లులు గంట అయిపోయాక కూడా లేచేవారు కాదు. నేనూ లేపేవాణ్ణి కాదు. ఇంటర్నెట్ నుంచి విదేశీ ఫోనుకు మాట్లాడడం మన దేశంలో చట్టబద్ధమైంది 2002 ఏప్రిల్ 1న. అంతకు ముందు మాట్లాడినవాళ్ళు లేరా అంటే, నేను ఆ ప్రశ్న విననట్టు ఊరుకుంటాను.

ఆ రోజుల్లో కౌంటర్ దగ్గర అందరి నోటా వినిపించిన మాట హాట్‌మెయిల్. సబీర్ భాటియా, జాక్ స్మిత్ 1996 జులై 4న దాన్ని మొదలుపెట్టారు. ఏ ఊరి నెట్ సెంటర్ నుంచైనా తెరుచుకోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. పంపిన ప్రతి ఉత్తరం అడుగునా మీరు కూడా ఉచితంగా తెరుచుకోండి అని ఒక వాక్యం తగిలించడంతో ప్రచారం దానంతటదే సాగింది. 1997 చివర మైక్రోసాఫ్ట్ కొనేసింది. మన దగ్గర చాలామందికి తొలి చిరునామా అదే. సొంత కంప్యూటర్ లేని మనిషికి సొంత చిరునామా దొరకడం చిన్న సంగతి కాదు.

ఇప్పుడు పెద్దాయన కథ. రైల్వే మెయిల్ సర్వీసులో ఉత్తరాలు సార్టింగ్ చేసి రిటైరైన మనిషి. ఒక్కడే కొడుకు, డెట్రాయిట్ దగ్గర ఉద్యోగం. వారానికి రెండుసార్లు వచ్చేవారు. టైపు రాదు. "బాబూ, నేను చెబుతాను, నువ్వు కొట్టు" అనేవారు. నేను నాకు తోచిన ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టేవాణ్ణి. ఒకరోజు "కళ్ళు నొప్పిగా ఉన్నాయి, చదవడం కష్టంగా ఉంది" అని చెప్పారు. మొదటి ముక్క కొట్టేసరికి టైము అయిపోయింది, అంతటితో పంపేశాను. మూడు వారాల తర్వాత ఆయన ఒక పార్సిలు పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టారు. మోకాళ్ళకు కట్టుకునే పట్టీలు, రెండు డబ్బాల నొప్పి మందు. "కళ్ళకు కట్టుకోమంటావా?" అన్నారు.

కె, ఎ, రెండు ఎల్‌లు, యు. ఈ అయిదక్షరాలే కళ్ళకూ, కాళ్ళకూ, కల్లుకూ. కొడుకు కాళ్ళనుకున్నాడు, అది నయం. ఆ తర్వాతే రైస్ పద్ధతి పట్టిక ఒకటి ప్రింటు తీసి గోడకు అంటించాను. ఎల్‌లు రెండూ పెద్దవైతే కళ్ళు, వాటితో పాటు ఎ కూడా పెద్దదైతే కాళ్ళు, అన్నీ చిన్నవైతే కల్లు. అనుమానం లేదు. అయితే మా వాడుకరుల్లో ఎక్కువమంది దాని జోలికి పోలేదు. మాటలోనే తేల్చుకునేవారు, తేలకపోతే మళ్ళీ రాసేవారు. ఇప్పటికీ వాట్సాప్‌లో మన జనం రాసేది ఆ పట్టిక లేని తెలుగే.

ఆ పెద్దాయన తెర మీద చదవలేరు కనుక కొడుకు ఉత్తరాలన్నీ ప్రింటు తీసుకునేవారు, కాగితానికి 3 రూపాయలు. ఇంకో కారణం కూడా ఉంది. అప్పటి ఉచిత మెయిలు పెట్టెలో చోటు 2 ఎంబీ మాత్రమే. మనవరాలి ఫొటోలు నాలుగు వస్తే పెట్టె నిండిపోయేది. పాతవి తీసేస్తే తప్ప కొత్తవి రావు. 2004 ఏప్రిల్‌లో జీమెయిల్ ఒక జీబీ ఇస్తామని ప్రకటించినప్పుడు, అదీ ఏప్రిల్ 1వ తేదీన, మేమంతా తమాషా అనుకున్నాం.

చాట్ సంగతి. 1996లో ఇజ్రాయెల్ కుర్రాళ్ళు తెచ్చిన ఐసీక్యూ, 1998లో యాహూ పేజర్‌గా వచ్చి తర్వాత యాహూ మెసెంజర్ అయినది, ఈ రెండూ మా కొట్టుకు అద్దె కట్టాయి. గదిలోకి అడుగుపెట్టగానే ఎదుటివాడు అడిగేది మూడే మూడు, వయసు, ఆడా మగా, ఊరు. మా మూడో నంబరు క్యాబిన్‌లో ఒక కుర్రవాడు నెల రోజులు బెంగళూరు అమ్మాయితో మాట్లాడాడు. ఆ అమ్మాయి మా అయిదో నంబరు క్యాబిన్‌లో కూర్చున్న వాడి స్నేహితుడే అని తెలిసిన రోజు ఇద్దరికీ మధ్య నేను నిలబడాల్సి వచ్చింది. అబద్ధపు ప్రొఫైళ్ళు ఫేస్‌బుక్‌తో వచ్చాయని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది.

చాట్ కంటే ఎక్కువ నిలిచినవి మెయిలు బృందాలు. 2000లో ఈగ్రూప్స్‌ను కొని యాహూ తన గ్రూపుల్ని పెంచింది. కులసంఘాలు, కాలేజీ బ్యాచీలు, ఉద్యోగాల జాబితాలు, ఆయుర్వేదం, అన్నిటికీ ఒక గ్రూపు. సాహిత్యానికి రచ్చబండ అనే గ్రూపు ఉండేది. అక్కడ ఛందస్సు మీద, అనువాదం మీద వారాల తరబడి వాదనలు నడిచేవి. నేను రాసేవాణ్ణి కాదు. రాత్రి షట్టరు సగం దించి చదివేవాణ్ణి. దానికి ముందే, 1998 దీపావళికి, ఈమాట పత్రిక అమెరికా నుంచి మొదలైంది. అచ్చు కాగితం లేకుండా తెలుగు పత్రిక నడవగలదని చాలామంది తొలిసారి నమ్మింది దాన్ని చూసే.

ఇక మీరు అడిగిన తెలుగు ఆలస్యం. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ కంప్యూటర్లో ఒక్కో నంబరు కేటాయించే ఏర్పాటు యూనికోడ్. దాని మొదటి రూపంలోనే, 1991లో, తెలుగుకు 128 గళ్ళ చోటు కేటాయించారు. అంటే స్థలం పట్టా మనకు ముందే వచ్చింది. ఇల్లు కట్టుకోవడానికి పదిహేనేళ్ళు పట్టింది. ఎందుకంటే పట్టా ఒక్కటే చాలదు. ఒత్తులు సరిగ్గా కుదిరే ఫాంటు కావాలి, దాన్ని అర్థం చేసుకునే ఆపరేటింగ్ సిస్టం కావాలి, వేళ్ళకు అలవాటయ్యే కీబోర్డు కావాలి. ఈలోపు ప్రతి దినపత్రికా తన సొంత ఫాంటు చేసుకుంది. ఈ పత్రిక చదవాలంటే ఒక ఫాంటు, ఆ పత్రికకు ఇంకొకటి. నా దగ్గర ఒక ఫ్లాపీ నిండా అవే. ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే విరిగిన గాజు పెంకుల్లా అక్షరాలు. వెతికితే దొరకవు, కాపీ చేస్తే చెదిరిపోతాయి. అవి తెలుగు బొమ్మలే గాని తెలుగు అక్షరాలు కావు.

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. కానీ దానంతట అది పనిచేయదు. కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్ళి, ప్రాంతం, భాషల పేజీ తెరిచి, సంక్లిష్ట లిపుల ఎదురుగా ఉన్న గడిలో టిక్కు పెట్టాలి. వెంటనే అది ఎక్స్‌పీ సీడీ అడుగుతుంది. మన నగరంలో ఎంతమంది దగ్గర అసలు సీడీ ఉండేదో మీరే ఊహించుకోండి. నేను ఒక ఆదివారమంతా కూర్చుని పన్నెండు యంత్రాలకూ ఆ టిక్కు పెట్టాను. తిరుమల కృష్ణదేశికాచార్యులుగారు తయారుచేసి ఇచ్చిన పోతన, వేమన ఫాంట్లు కూడా వేశాను. సోమవారం వచ్చినవాళ్ళలో ఒక్కరూ గమనించలేదు.

మలుపు 2006లో వచ్చింది. వీవెన్ అనే తెలుగు ఉత్సాహి లేఖిని చేసి పెట్టాడు. ఒక పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలు కొడితే కింద పెట్టెలో తెలుగు. ఏమీ ఎక్కించుకోనక్కర్లేదు, ఏ నెట్ సెంటర్ నుంచైనా నడుస్తుంది. అందులో వాడింది ఆ రైస్ పద్ధతే. గోడ మీద నేను అంటించిన పట్టికకు అప్పుడు పని దొరికింది. అదే ఏడాది తెలుగు బ్లాగులన్నిటినీ ఒకచోట చూపే కూడలి వచ్చింది. పత్రికల సొంత ఫాంట్లను అప్పటికప్పుడు యూనికోడ్‌లోకి మార్చి చూపే పద్మ అనే పొడిగింపు ఫైర్‌ఫాక్స్‌కు ఉండేది. 2003 డిసెంబరులో పుట్టి ఒంటరిగా ఉన్న తెలుగు వికీపీడియాకు 2005 నుంచి మనుషులు తోడయ్యారు. బ్లాగరులు యూసఫ్‌గూడ కృష్ణకాంత్ పార్కులో కలుసుకునేవారు. నేనూ రెండుసార్లు వెళ్ళాను. బ్యాంకు ఉద్యోగి, సాఫ్ట్‌వేర్ కుర్రవాడు, రిటైరైన మాస్టారు చెట్టు కింద కూర్చుని 'ఈమెయిల్'కు తెలుగు మాట ఏమిటని గంటసేపు కొట్టుకున్నారు. తేల్లేదు. పుస్తక ప్రదర్శనలో, కంప్యూటర్లో తెలుగు వాడకం పెంచడానికి పనిచేసే ఈ-తెలుగు సంఘం వాళ్ళు స్టాలు పెట్టి, వచ్చినవాళ్ళ చేత వాళ్ళ పేరు తెలుగులో కొట్టించేవారు. తన పేరు తెర మీద తెలుగులో చూసుకుని, ప్రింటు ఇస్తారా అని అడిగిన పెద్దవాళ్ళను నేను కళ్ళారా చూశాను.

ఆ నాలుగైదేళ్ళూ తెలుగు ఆన్‌లైన్‌లో అన్నిటికంటే మంచి కాలమని నా అభిప్రాయం. మనుషులు తక్కువ, మాటలు పొడుగు, తిట్టినా వ్యాకరణంగా తిట్టేవారు. అయితే గడప మాట మరిచిపోకండి. అక్కడ కూర్చున్నవాళ్ళంతా చదువుకున్నవాళ్ళు, ఇంగ్లీషు కీబోర్డు వచ్చినవాళ్ళు. మా వీధి ఇస్త్రీ అతను అక్కడ లేడు.

ఆర్కుట్ 2004 జనవరిలో వచ్చింది. గూగుల్ ఉద్యోగి ఆర్కుట్ బుయుక్కోక్టెన్ దానికి తన పేరే పెట్టాడు. మొదట్లో ఎవరైనా పిలిస్తేనే లోపలికి. బ్రెజిల్, భారతదేశం దాన్ని నెత్తిన పెట్టుకున్నాయి. స్నేహితుల జాబితా చూపే సైట్లు అంతకు ముందూ ఉన్నాయి. 1997లో సిక్స్‌డిగ్రీస్, తర్వాత ఫ్రెండ్‌స్టర్, 2003లో మైస్పేస్. మన ఊరికి అవి అంతగా సోకలేదు.

ఆర్కుట్‌లో ఒక విచిత్రం ఉండేది, మీ ప్రాజెక్టులో తప్పక రాయండి. స్క్రాపు అంటే ఎదుటివాడి గోడ మీద రాయడం. వాడు జవాబు మీ గోడ మీద రాస్తాడు. అంటే సంభాషణ రెండు ముక్కలై రెండు ఇళ్ళల్లో ఉంటుంది. మూడో మనిషికి అర్థం కావాలంటే రెండు కిటికీలు పక్కపక్కన తెరుచుకుని, వేళలు సరిచూసుకుంటూ చదవాలి. మా దగ్గర గంటకు 10 రూపాయలిచ్చి ఆ పని చేసినవాళ్ళు బోలెడుమంది. నీ పేజీ ఎవరు చూశారో చూపే సౌకర్యం వచ్చాక ఆ నిఘాకు కొంచెం సిగ్గు పుట్టింది. స్నేహితులకు మంచుముక్కలు, గుండె గుర్తులు ఇచ్చి ఎంత మంచివాడో మార్కులు వేయడం, టెస్టిమోనియల్, అంటే తన గురించి నాలుగు మంచి మాటలు, రాయమని బతిమాలడం, ఇవన్నీ ఇక్కడే. 2007 ప్రాంతంలో పెన్ డ్రైవుల వెంట ఒక వైరస్ వచ్చింది. ఆర్కుట్ తెరవగానే దాన్ని నిషేధించామని చెప్పి వికటంగా నవ్వుతూ కిటికీ మూసేసేది. ఆ వారం మా కొట్లో గిరాకీ సగానికి పడిపోయింది. నాకు సైటు మీద కంటే ఆ వైరస్ మీదే ఎక్కువ భయం కలిగింది, ఎందుకంటే నా కొట్టు దేని మీద నిలబడి ఉందో అది చూపించింది.

అదే 2007లో మన నగరంలో పేలుళ్ళు జరిగాయి. తర్వాత వచ్చిన ప్రతివాడి గుర్తింపు కార్డూ చూసి రిజిస్టరులో రాయడం మొదలైంది. 2011లో కేంద్రం సైబర్ కెఫేలకు నియమాలే చేసింది. క్యాబిన్ల మధ్య గోడ నాలుగున్నర అడుగులు మించకూడదు, వివరాలు కనీసం ఏడాది దాచాలి. వడ్రంగిని పిలిపించి పలకలు కోయించాను. కోసిన రోజు నుంచి కుర్రాళ్ళు రావడం తగ్గింది. ఎవరికీ కనబడకుండా మాట్లాడుకోవడం కోసమే వాళ్ళు వచ్చేవారని అప్పటిదాకా నేను అంత స్పష్టంగా అనుకోలేదు.

మధ్యలో ఎస్సెమ్మెస్‌ను మరిచిపోకండి. నెట్ సెంటర్‌కు ఎన్నడూ రాని జనం తొలిసారి వేళ్ళతో మాట్లాడింది అక్కడే. ఒక సందేశానికి 160 అక్షరాలు. అది ఇంగ్లీషుకు. తెలుగులో రాస్తే 70కి పడిపోతుంది, ఎందుకంటే ఇంగ్లీషు అక్షరానికి 7 బిట్లు చాలు, తెలుగు గుర్తుకు 16 కావాలి. పైగా 'స్త్రీ' అని మనం ఒక్క అక్షరంగా చూసేది యంత్రానికి ఆరు గుర్తులు. అంటే మన భాషలో పలకరించాలంటే రెట్టింపు డబ్బు, అవతలి ఫోనులో కనిపించేది డబ్బాల వరుస. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయడం జనానికి బద్ధకం వల్ల అలవాటయిందని భాషాభిమానులు కోప్పడతారు. బద్ధకం కాదండీ, బిల్లు. పండుగ రోజుల్లో అయితే మెసేజీ ప్యాకులు చెల్లేవి కావు, ప్రతి శుభాకాంక్షకూ పూర్తి ధర. వాట్సాప్ రాగానే జనం అంత తొందరగా అటు దూకడానికి ఒక ఉగాది, ఒక సంక్రాంతి ఖర్చు చాలు.

ఫేస్‌బుక్ పుట్టింది 2004 ఫిబ్రవరిలో అయినా అందరికీ తలుపు తెరిచింది 2006 సెప్టెంబరులో. మన దేశంలో దాని తొలి కార్యాలయం 2010లో ఇక్కడే, హైదరాబాదులోనే, పెట్టింది. అసలు మార్పు మాత్రం న్యూస్ ఫీడ్. అంతకు ముందు స్నేహితుడి సంగతి కావాలంటే వాడి పేజీకి మీరు వెళ్ళాలి, వీధిలో నడిచి వెళ్ళి తలుపు తట్టినట్టు. న్యూస్ ఫీడ్‌తో అందరి సంగతులూ మీ గుమ్మంలోకి వచ్చి పడ్డాయి. అది మొదలైన వారంలోనే లక్షలమంది వాడుకరులు నిరసన తెలిపారు. తర్వాత అలవాటు పడ్డారు. 2009 ఫిబ్రవరిలో లైక్ గుర్తు వచ్చింది. అదే ఏడాది, ముందు రాసింది ముందు కనిపించే వరుస పోయి, ఎక్కువమంది మెచ్చింది ముందు కనిపించే వరుస వచ్చింది. 2016లో ట్విటర్, ఇన్‌స్టాగ్రామ్ కూడా అదే దారి పట్టాయి. నన్నడిగితే ఈ చరిత్రలో పెద్ద గీత గీయాల్సింది ఇక్కడ. ఊరి రచ్చబండ దగ్గర అరిచినవాడి మాటే వినబడుతుంది, నిజమే. కానీ అరిచినవాణ్ణి ముందు వరసకు తెచ్చి కూర్చోబెట్టే మనిషిని ఏ ఊరూ జీతమిచ్చి పెట్టుకోలేదు.

ఫేస్‌బుక్ వచ్చాక తెలుగు బ్లాగులు పలచబడ్డాయి. పాత బ్లాగరులు "ఇప్పుడు వచ్చినవాళ్ళకు చదవడం రాదు, లైకులు కొట్టడమే వచ్చు" అనేవారు. ఫేస్‌బుక్‌లో పాతవాళ్ళు ఇప్పుడు రీల్స్ చూసేవాళ్ళ గురించి అదే అంటున్నారు. యూజ్‌నెట్ వాళ్ళు ఈ మాట అందరికంటే ముందు అన్నారు. ఏటా సెప్టెంబరులో కాలేజీల్లో చేరే కొత్త పిల్లలు వచ్చి మర్యాద తెలియక గోల చేసేవారట, నెల తిరిగేసరికి నేర్చుకునేవారట. 1993 నుంచి వాణిజ్య కంపెనీల వాడుకరులు వెల్లువలా వచ్చిపడ్డాక ఆ సెప్టెంబరు ముగియనే లేదని వాళ్ళ బాధ. దాన్ని తరగని సెప్టెంబరు అంటారు. ఎవడి సెప్టెంబరు వాడిది.

నా కొట్టు మూతపడింది 2014లో. ఆ ఏడాదే ఫేస్‌బుక్ 19 బిలియన్ డాలర్లకు వాట్సాప్‌ను కొంటున్నట్టు ప్రకటించింది, ఆ ఏడాదే సెప్టెంబరు 30న ఆర్కుట్ మూతపడింది. ఈ మూడింటిలో మొదటిది ఏ పత్రికా రాయలేదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక మిగిలిన నెట్ సెంటర్ల కథ కూడా ముగిసింది.

వాట్సాప్ చేసిన పెద్ద పని గ్రూపులు కాదు. 2013 ఆగస్టులో వచ్చిన వాయిస్ మెసేజి. గుర్తు మీద వేలు పెట్టి మాట్లాడితే చాలు. ఇరవై ఏళ్ళుగా ఫాంట్లు, కీబోర్డులు, పెద్దక్షరం చిన్నక్షరం అని మేము కొట్టుకున్న సమస్యను అది పక్క నుంచి దాటేసింది. మా వీధి ఇస్త్రీ అతను ఇప్పుడు పాలమూరులో ఉన్న తమ్ముడికి రోజూ పంపేది అదే. 2017లో గూగుల్ మాట్లాడితే తెలుగులో రాసిపెట్టే సౌకర్యం తెచ్చింది. గడపలన్నీ పోయాయనుకున్నాం. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న ఒక్క అక్షరం ఐఫోన్లను కుప్పకూల్చిన వార్త గుర్తుందా? ఒక రకంగా కూర్చిన ఆ అక్షరం సందేశంలో వస్తే ఆ యాప్ తెరుచుకునేది కాదు. కంపెనీ కొత్త వెర్షను విడుదల చేసి సరిదిద్దింది. జ్ఞానంలోని అక్షరాన్ని యంత్రం మింగలేకపోయిందని మా ఫ్రెండ్స్ గ్రూపులో ఒక వారం నవ్వుకున్నాం.

నవ్వు ఎక్కువ కాలం నిలవలేదు. అదే ఏడాది మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారన్న వాట్సాప్ పుకార్లతో మన రాష్ట్రంలో మనుషుల్ని కొట్టి చంపారు. హైదరాబాదు పాతబస్తీలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ ప్రాణం పోయింది. జులైలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చాట్‌లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. గద్వాల జిల్లా పోలీసులు అంతకంటే పాత ఉపాయం పట్టారు. జానపద కళాకారుల్ని ఊళ్ళకు పంపి, పుకార్లు నమ్మవద్దని పాట కట్టి పాడించారు. అక్షరం రాని మనిషి దగ్గరికి పుకారు ఫోనులో, వీడియోగా, గొంతుగా చేరింది. దాన్ని ఖండించే మాట కూడా గొంతుగానే వెళ్ళాల్సి వచ్చింది.

చివరి ప్రశ్న, ఎందుకు మూతపడ్డాయి. జనం వెళ్ళిపోయారు కాబట్టి అన్నది సగం జవాబు. ఆ చావళ్ళు మనం కట్టుకున్నవి కావు, ఎవరో అద్దె లేకుండా ఇచ్చినవి. ఖర్చుకు తగ్గ రాబడి లేదనిపించిన రోజు తాళం వేశారు. ఎవరైనా ఉచితంగా సొంత వెబ్ పేజీ పెట్టుకోగలిగిన జియోసిటీస్ 2009లో, యాహూ మెసెంజర్ 2018లో పోయాయి. యాహూ గ్రూపుల్లోని పాత ఉత్తరాల్ని 2019 డిసెంబరులో తీసేయడం మొదలుపెట్టి, 2020 డిసెంబరులో మొత్తం మూసేశారు. నేను షట్టరు దించి చదివిన ఛందస్సు వాదనలు కూడా ఆ గ్రూపుల్లోనివే. ముందుగా దాచుకున్నవాళ్ళ దగ్గర దాచుకున్నంత ఉంది.

మీ ప్రాజెక్టుకు ఇంకా చూడగలిగినవి చెబుతాను. యూజ్‌నెట్ పాత సందేశాలు చాలావరకు గూగుల్ గ్రూప్స్‌లో వెతికితే దొరుకుతాయి. ఈమాట పాత సంచికలు చదవడానికి అందుబాటులో ఉన్నాయి. తెలుగు వికీపీడియాలో ఏ పాత వ్యాసమైనా తెరిచి పైన 'చరిత్ర' నొక్కండి, ఎవరు ఏ రోజు ఏ అక్షరం దిద్దారో వరుసగా ఉంటుంది. పోయిన సైట్ల ముఖచిత్రాలకు ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళ వేబ్యాక్ మెషీన్ చూడండి. ఆర్కుట్ స్క్రాపుల కోసం మాత్రం మీ మామయ్యగారినే అడగండి, ఎక్కడైనా స్క్రీన్‌షాట్ దాచి ఉంటారు.

ఇంకొకటి నా దగ్గర ఉంది. పెద్దాయన పోయాక ఆయన కొడుకు వచ్చి, తండ్రి వదిలివెళ్ళిన ప్రింటు కాగితాలు బైండు చేయమని ఇచ్చాడు. 412 పేజీలు, రెండు సంపుటాలు. ప్రతి పేజీలోనూ ఇంగ్లీషు అక్షరాల తెలుగు, దాని పైన పెన్సిలుతో ఆయన వేసుకున్న దీర్ఘాలూ ఒత్తులూ. కొడుకు అనుమతితో ఒక జిరాక్సు ప్రతి నేను ఉంచుకున్నాను. నలుగురికీ చూపవచ్చన్నాడు. చూడాలనుకుంటే చిక్కడపల్లి రండి. ఆదివారం కొట్టు ఉండదు.